నాలుగో సీటు

ఫిబ్రవరి 6

డాక్టరు ఈ పుస్తకం ఇచ్చాడు, రోజూ రక్తపోటు రాసుకోమని. పై అంకె, కింది అంకె. రెండు రోజులు బుద్ధిగా రాశాను. ఆ తర్వాత అంకెలకన్నా అవి పెరగడానికి కారణాలు రాసుకోవడమే మేలనిపించింది.

ఇవాళ్టి కారణం ఒక కాలేజీ పంతులమ్మ. భుజాన సంచీ, చేతిలో రికార్డరు, మొహాన చెమట. లిఫ్టు లేదని ఎవరూ చెప్పలేదు కాబోలు.

"మన పట్టణం మరిచిపోయిన ఆడవాళ్ళ కథలు వెతుకుతున్నామండీ" అంది.

మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. పాత టెలిఫోను ఎక్స్‌ఛేంజీ భవనాన్ని బాగుచేసి మ్యూజియం చేస్తున్నారట. కింద ఊరి పెద్దల గదులు, పైన వ్యాపారుల గదులు, మెట్ల కింద ఆడవాళ్ళకో గది.

"మెట్ల కింద ఉన్నది చీపుర్ల గది కదమ్మా?" అన్నాను.

"సున్నం కొట్టించారండీ" అంది పాపం.

తర్వాత అసలు సంగతికి వచ్చింది. "నాలుగో సీటు మీరే కదండీ?"

అవునన్నాను. అది అబద్ధం కాదు. రిటైరయ్యేదాకా ఆ సీటులోనే కూర్చున్నాను. ఎక్స్‌ఛేంజీలో పేర్లు వాడకూడదు. పేరు తెలిస్తే అవతలివాడు కబుర్లు మొదలెడతాడని సూపరింటెండెంటు భయం. కాబట్టి సీటు అంకే పేరు. మనిషి మారితే కొత్త మనిషికి పాత పేరు. ఒకరు విడిచిన చెప్పుల్లో ఇంకొకరు కాలు పెట్టినట్టు.

"వరద రోజున లైన్లన్నీ కలిపి ఊరిని హెచ్చరించింది నాలుగో సీటేనని మీ పాత ఉద్యోగులు ముగ్గురు చెప్పారండీ. ఇన్నాళ్ళూ మీరు ఎక్కడా చెప్పుకోలేదా?"

సరిగ్గా అప్పుడే కోడలు టీ పట్టుకొచ్చింది. టీ ఇవ్వడం మరిచిపోయింది. "అత్తయ్యా! మీరేనా?"

ఈ ఇంట్లో నా మాటలకి కోడలు వేసే తాళం ఒక్కటే: "ఊఁ, తర్వాత చెబుదురు లెండి." అలాంటి పిల్ల నన్ను కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"టీ చల్లారిపోతోంది" అన్నాను నేను.

అంతే అన్నాను. అవుననలేదు, కాదనలేదు.

ఫిబ్రవరి 7

కోడలు నా కాఫీలో తనే చక్కెర వేసింది. డాక్టరు వద్దన్నాడు. తాగాను.

ఫిబ్రవరి 9

కోడలు తన బ్యాంకులో అందరికీ చెప్పిందట. మేనేజరు నన్ను చూడాలంటున్నాడట. మా అబ్బాయి ఆఫీసు నుంచి ఫోను చేసి "అమ్మా, ఇంత పని చేసి నోరు విప్పలేదేమే!" అన్నాడు. నోరు విప్పని సందర్భం నా జన్మలో ఒకటుందని వాడు నమ్మడమే పెద్ద వింత.

ఎక్స్‌ఛేంజీ సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. కాస్త రాసుకుంటాను, నాకోసమే.

పొడుగాటి గది, కిటికీలన్నీ ఒకవైపే. గోడ పొడవునా బోర్డు. దానినిండా చిల్లులు, చిల్లు చిల్లుకీ చిన్న దీపం. దీపం వెలిగితే తీగ గుచ్చాలి, "ఏ నంబరు కావాలండీ?" అనాలి, రెండో తీగ గుచ్చి గంట మీట నొక్కాలి, తప్పుకోవాలి. వినకూడదు. అదీ మొదటి రూలు. విన్నది బయట చెప్పకూడదు. అదీ రెండో రూలు. మొదటి రూలు పాటిస్తే రెండోది అక్కర్లేదు కదా అని నేను చేరిన మొదటిరోజే అడిగితే, సూపరింటెండెంటు నావైపు చాలాసేపు చూశాడు.

అందరం వినేవాళ్ళం. మరి ఎనిమిది గంటలు చెవికి హెడ్‌ఫోను బిగించి వినొద్దంటే, ముక్కుకింద పువ్వు పెట్టి వాసన చూడొద్దన్నట్టే. నేను బడికి పోయింది పదో తరగతి దాకా. తక్కిన చదువంతా చెవి చదువే. జబ్బుల పేర్లు డాక్టర్ల దగ్గర నేర్చుకున్నాను, సెక్షన్లు లాయర్ల దగ్గర. తిట్లు కలప డిపో యజమాని దగ్గర. ఆయన ఒక్కో తిట్టూ పద్యంలా ముందు పాడి, తర్వాత అర్థం చెప్పినంత శ్రద్ధగా తిట్టేవాడు. ప్రేమ సంగతులు మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేకపోయాను. ఊరంతా ప్రేమలో అవే నాలుగు మాటలు.

కిటికీ పక్కన నాలుగో సీటు. గాలి వచ్చేది అక్కడికే. దాని పక్క ఐదోది నాది. అప్పటి నాలుగో సీటుకి నా వయసే. బక్కపలచన. జడ బోర్డుకి తగులుకోకుండా మెడచుట్టూ తిప్పుకునేది. మంచి చెవి. నోరు విప్పకముందే ఊపిరిని బట్టి అవతల ఉన్నది మగో ఆడో చెప్పేసేది.

ఫిబ్రవరి 10

నన్నెవరూ సూటిగా అడగలేదు. అడిగితే చెప్తాను.

ఫిబ్రవరి 11

కోడలు చీర తెచ్చింది, మ్యూజియంలో నాలుగో సీటు పేరున పెట్టే రాయి ఆవిష్కరణ రోజుకని. ముదురు నీలం. నాకు బాగుంటుంది.

ఫిబ్రవరి 13

చెప్పేశాను. గొప్ప మనసుతో ఏమీ కాదు. పంతులమ్మ రికార్డరు నొక్కి "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అనడిగింది. ఏమని చెప్పను? ఆ క్షణంలో నేను టిఫిను గదిలో బ్రెడ్డుముక్క నములుతున్నాను.

అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాను.

మధ్యాహ్నం. వాన రెండు రోజులుగా పడుతూనే ఉంది. సూపరింటెండెంటు భోంచేసి తన గదిలో గడియ వేసుకుని పడుకున్నాడు. ఇల్లు కూలినా లేపొద్దని హుకుం. ఎగువ జలాశయం దగ్గరి గేటు కాపలాదారు ఇంజనీరు ఇంటికి ఫోను చేశాడు. కలిపింది నాలుగో సీటు. ఇంజనీరు లేడు, భార్య ఎత్తింది. "గట్టు జారుతోందమ్మా, అయ్యగారెక్కడ?" అని కాపలాదారు అరుస్తుంటే, "రాగానే చెప్తాలే" అని ఆ మహాతల్లి పెట్టేసింది. లోకంలో ఈ మాట విన్నది ఇంకొక్క చెవే. వినకూడని చెవి.

నాలుగో సీటు సూపరింటెండెంటు తలుపు బాదింది. లోపల గురక ఆగలేదు. వెనక్కొచ్చి పల్లపు వీధుల్లో ఫోను ఉన్న ప్రతి చోటుకీ తీగ గుచ్చింది. తోలు కార్ఖానా, బేకరీ, పురిటి ఆస్పత్రి, కలప డిపో. అందరినీ ఒకేసారి కలిపి గంట కొట్టింది. నేను మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి నిలబడి ఉంది. "గట్టు తెగుతోంది. పిల్లల్ని తీసుకుని స్టేషను మెట్టకి పోండి" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్తోంది.

"నీ ఉద్యోగం పోతుందే!" అన్నాను.

"బడి నీ బోర్డు మీదుంది. నాకు కలుపు" అంది.

కలిపాను. మాట ఆమె చెప్పింది. తీగ కలపడం మా పనే. మాట చెప్పడమే నేరం.

సాయంత్రానికి పల్లపు వీధులు నీళ్ళలో ఉన్నాయి, జనం మెట్ట మీద ఉన్నారు. వారం తిరక్కుండా సూపరింటెండెంటుకి పతకం వచ్చింది. నాలుగో సీటుకి కాగితం వచ్చింది: ఇతరుల సంభాషణను దొంగచాటుగా విని బయటపెట్టినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది. మర్నాడు నన్ను కిటికీ పక్కకి జరిపారు.

పంతులమ్మ రికార్డరు ఆపేసింది. తర్వాత "ఆవిడ ఉన్నారా అండీ? ఎక్కడున్నారో తెలుసా?" అంది.

తెలియదన్నాను.

తెలుసు.

ఫిబ్రవరి 14

కోడలికి ఇంకా చెప్పలేదు. చీరకి అంచు కుట్టించుకొచ్చింది.

ఫిబ్రవరి 15

మార్కెట్టు వెనక సందులో దర్జీ కొట్టు. రిటైరయ్యాక కూరగాయలకి ఆ సందు మానేసి చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఆ సందులో కుక్కలెక్కువ.

ఇవాళ వెళ్ళాను. కుక్కలేం లేవు.

మిషను మీద నాలుగో సీటు కూతురు. యాభై దాటి ఉంటుంది. నోట్లో గుండుసూదులు. నేను ఎక్స్‌ఛేంజీ అనగానే సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"మా అమ్మ ఎక్కడా ఉద్యోగం చెయ్యలేదండీ. మీరు వేరే ఎవర్నో అనుకుంటున్నారు."

పరదా వెనకనుంచి గొంతు వచ్చింది. "ఎవరది, ఐదో సీటా?"

ఇన్నేళ్ళ తర్వాత నన్ను ఐదో సీటు అని పిలిచిన మనిషి. గొంతు విని పట్టేసింది. ముసలిదాన్నయ్యాను, పళ్ళు కట్టించుకున్నాను, అయినా పట్టేసింది.

లోపల మంచం, కిటికీ, కిటికీ దగ్గర కుర్చీ. ఆమె ఇంకా బక్కపలచనే. కళ్ళు పోయాయి. చెవులు కాదు.

"రా, కూర్చో. కుడిమోకాలు నొప్పా? కాలు ఈడుస్తున్నావు."

"నీ చెవులు తగలెయ్య! ఇంకా అలాగే ఉన్నావే!"

నవ్వింది. నేను మ్యూజియం సంగతి, రాయి సంగతి చెప్పాను. ఊరు తన్ను వెతుకుతోందన్నాను.

"ఊరికి నా ఇల్లు తెలియకేం? నేనీ సందు దాటి ఎక్కడికి పోయాను కనక?" అంది. "నీళ్ళు తీశాక పక్కింటావిడ నన్ను కావలించుకుని ఏడ్చిందే. దేవతవన్నది. వారం తిరిగేసరికి నన్ను చూస్తే తలుపేసుకునేది. ఎందుకో తెలుసా? దొంగచాటుగా వినేదని కాగితంలో రాశారు కదా. అయితే మన మాటలు కూడా వినుంటుందని ఊరంతా లెక్కలేసుకుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారో ఎవరి గుట్టు వాళ్ళకి గుర్తొచ్చింది. నేను వీధిలోకొస్తే మాటలు ఆగిపోయేవి. కుదిరిన సంబంధం పోయింది. ఇంట్లో నాలుగు గోడలున్నాయి చాలు, ఇంకా చెవులెందుకన్నారట వాళ్ళు."

"మరి..."

"మరేముంది, ఈ దర్జీని చేసుకున్నాను. ఆయనకి చెవుడు. నా చెవులంటే ఆయనకి భయం లేదు. బంగారంలాంటి మనిషి. ఏం చెప్పినా రెండుసార్లు చెప్పాలి, అంతే."

గుమ్మంలో కూతురు నిలబడి అంతా వింటోంది. చేతిలో కొలత టేపు.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమ్మా?"

"చెబితే నా ముందు మనసు విప్పి మాట్లాడేదానివా?" అంది తల్లి, తల తిప్పకుండా.

కూతురు మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు మాత్రం రాలేదు.

"ఆవిష్కరణకి రా. నేను తీసుకెళ్తాను" అన్నాను.

"రాయి నాకెందుకే? బట్టలుతుక్కోడానికా?" నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఒక్కటి కనుక్కో. ఆ కాగితంలో మాట కొట్టేస్తారేమో. దొంగచాటుగా అన్న మాట. అది తప్పు అని పై నుంచి ఒక్క ముక్క రాసిస్తే చాలు. నా కూతురికి చదివి వినిపిస్తాను. కాదు, అదే నాకు చదివి వినిపిస్తుంది."

కనుక్కుంటానన్నాను. నీ సీట్లో నేనే కూర్చున్నానని చెబుదామనుకున్నాను. ఆమె నా చెయ్యి వదిలే ముందే, "కిటికీ గాలి ఇంకా వచ్చేదా?" అంది.

వచ్చేదన్నాను.

ఫిబ్రవరి 16

ఇంట్లో చెప్పాను. మా అబ్బాయి "ఓహో" అన్నాడు. కోడలు కాసేపు చీర వంక చూసి, "అయినా మీరు కూడా తీగ కలిపారు కదత్తయ్యా" అంది.

ఫిబ్రవరి 18

పంతులమ్మా నేనూ మ్యూజియం కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాం. ఈయన ఆనాటి సూపరింటెండెంటుకి మనవడు. స్నానాల గదుల సామాను షోరూము. మమ్మల్ని తొట్లకీ కుళాయిలకీ మధ్య కూర్చోబెట్టాడు. గోడమీద తాతగారి ఫొటో, పక్కన పతకం. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఫొటోలో అవి చారెడుకి మించే ఉన్నాయి. బతికుండగా నేనెప్పుడు చూసినా సగం మూసే ఉండేవి.

"చాలా సంతోషం! అసలావిడ దొరికారన్నమాట. ఇద్దరూ రండి, ఇద్దరికీ పూలగుత్తులు" అన్నాడు.

"పూలు కాదు నాయనా. ఆ తొలగింపు కాగితం రద్దు చేయించాలి."

"అది మా చేతుల్లో లేదు పెద్దమ్మగారూ. ఆ శాఖే ఇప్పుడు లేదు. ఎత్తేశారు. రద్దు చెయ్యాల్సినవాళ్ళే రద్దయిపోయారు" అని తన మాటకి తనే నవ్వాడు.

"మరి రాతిమీద ఏం రాశారు?"

ఫోనులో బొమ్మ చూపించాడు. నల్లరాయి, బంగారు అక్షరాలు. సూపరింటెండెంటుగారి ఆదేశాల మేరకు నాలుగో సీటు ఆపరేటరు పట్టణ ప్రజలను అప్రమత్తం చేసిన చోటు ఇదే.

"ఆదేశాలా? ఆ వేళ మీ తాతగారు నిద్రపోతున్నారు నాయనా. గురక మా బోర్డు దాకా వినపడేది."

"అంటే మీరూ వినేవారన్నమాట!" అన్నాడు వేలు ఊపుతూ, చిన్నపిల్లని ఆటపట్టించినట్టు.

కుళాయిలు కొనడానికొచ్చిన జంట కూడా నవ్వారు. నవ్వు బాగానే కుదిరింది.

పంతులమ్మ కోపంగా ఏదో అనబోయింది. ఆయన మెత్తగా, "చూడండి మేడమ్, నిధులిచ్చింది మా కుటుంబం. మీకు గది కావాలా, వాదన కావాలా?" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుంది.

రోడ్డుమీదకొచ్చాక, "గది పోతుందండీ. ఇంకో పదకొండుమంది ఆడవాళ్ళ ఫొటోలున్నాయి అందులో" అంది. ఏడుపు ఆపుకుంటోంది.

నేనామెని తప్పుపట్టలేదు. ఎవరైనా ఎప్పుడో ఒక గది చూసుకుని ఊరుకోవాల్సిందే. నేను కిటికీ చూసుకున్నాను.

ఫిబ్రవరి 19

పై అంకె నూటడెబ్బై. కింది అంకె చూడలేదు.

ఫిబ్రవరి 24

నీలం చీరే కట్టుకున్నాను. వేరేది ఇస్త్రీ లేదు.

నాలుగో సీటు రాలేదు. కూతురు వచ్చింది, వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంది. ఆమెకి రమ్మని చెప్పింది నేనే. మాట కొట్టేశారని ఎవరైనా పొరపాటున అంటారేమో విందామని వచ్చినట్టుంది.

అధ్యక్షుడు తాతగారి ముందుచూపు గురించి మాట్లాడాడు. ఇంకొకాయన ఆడవాళ్ళు వెలుగు అన్నాడు. మరొకాయన ఆడవాళ్ళు వేరు అన్నాడు. వెలుగూ వేరూ ఎక్కడ కలుస్తాయో నాకు తెలియదు, బహుశా మెట్ల కింద గదిలో. బోర్డు మాత్రం తుడిచి పెట్టారు. నాలుగో సీటు ముందు ఒక మైనపు బొమ్మని కూర్చోబెట్టారు. నిండుగా ఉంది, మూతికి రంగు, చెవులు జుట్టుకింద దాచేశారు.

గుడ్డ లాగారు. రాయి మెరిసింది. నన్ను మైకు దగ్గరికి పిలిచి పూలగుత్తి చేతిలో పెట్టారు. ఫొటోలు తీశారు. పేపరు కుర్రవాడు బొమ్మలు రాగానే సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు, ఇంకో సభ ఉందట.

అప్పుడు చెప్పాను. "ఆ పని చేసింది నేను కాదు. నాకు ముందు ఈ సీట్లో కూర్చున్నామె. ఆమెని దొంగచాటుగా విందని తీసేశారు. ఇప్పుడు రాతిమీద ఆదేశాల మేరకు అని చెక్కారు. ఆదేశం ఉంటే ఎందుకు తీసేశారు? ఆదేశం లేకపోతే ఈ మాట ఎందుకు చెక్కారు? రెంటిలో ఒకటి కొట్టెయ్యండి."

చప్పట్లు. బ్రహ్మాండంగా కొట్టారు. అధ్యక్షుడు అందరికన్నా ముందు లేచి, "చూశారా, ఈ వయసులో కూడా ఎంత వినయమో!" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

తలుపు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 25

పేపర్లో పడింది. నేను, పూలగుత్తి, వెనక రాయి. కింద పెద్దక్షరాలు: వరద నుంచి ఊరిని కాపాడిన నాలుగో సీటు ఈమే.

దర్జీ కొట్టుకి వెళ్ళాను. కూతురు తలెత్తలేదు, కానీ పరదా పక్కకి తీసి పట్టుకుంది.

"కొట్టేశారా?" అంది ఆమె, నేను కూర్చోకముందే.

"లేదు."

"ఊఁ."

"నేను చెప్పానే. అందరి ముందూ. మైకులో."

"విన్నారా?"

"చప్పట్లు కొట్టారు."

"అది కాదే నేనడిగింది. విన్నారా?"

బయట మిషను మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె ఆ చప్పుడుకే చెవి ఒగ్గి కూర్చుంది. "పొద్దుట్నుంచీ అదే అతుకు కుట్టి విప్పుతోంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పైగా గదిలోకొచ్చినప్పుడల్లా ఫోను బయట పెట్టి వస్తోంది" అంది.

ఫిబ్రవరి 27

పేపరాఫీసుకి ఫోను చేశాను. సవరణ వెయ్యమన్నాను. అవతల ఆడపిల్ల ఎంతో మర్యాదగా, "లైన్లో ఉండండి" అంది. ఉన్నాను. సంగీతం వేశారు. బాగానే ఉంది సంగీతం.

మార్చి 2

కోడలు ఆ పేపరు ముక్కకి అద్దం బిగించి ఫ్రేము కట్టించుకొచ్చింది. వద్దన్నాను.

"పేపరువాళ్ళే వేశారు కదత్తయ్యా, మనం వేయించుకోలేదుగా" అంది.

వద్దమ్మా అని మళ్ళీ అన్నాను.

మా అబ్బాయి స్టూలెక్కి, సుత్తి పట్టుకుని, "ఎక్కడ కొట్టమంటావమ్మా? కిటికీ పక్కనైతే వెలుతురు బాగుంటుంది" అన్నాడు.

మూడోసారి అనలేదు.